ఉప్పుటేటి లోతు చెప్పిన గెడ

నేను ఒక వెదురు గెడను. మన్యం కొండల్లో పుట్టి, తెప్పలో పడి గోదారి దిగి, సముద్రం దగ్గరి ఉప్పుటేట్లో పనికి కుదిరాను. అడుగున తన్నిపట్టి నావను ముందుకు నెట్టడం నా పని. నన్ను కొన్న ఎర్రయ్య పోయాక, ఆయన కోడలు నూకరత్నం చేతికి వచ్చాను. ఆమె పీతలు పడుతుంది, జనాన్ని అవతలి ఒడ్డుకు దాటిస్తుంది. మామగారికన్నా చెయ్యి గట్టిది.

ఒక ఏడాది మా మీద ఒక కంపెనీ కన్ను పడింది. ఏరు పూడ్చి హోటళ్లు కడతారట. మరి ఏరుందిగా అంటే, అది ఏరు కాదు, ఎండు నేల అని కాగితం పుట్టించారు. మనుషులకు కాగితం కనిపిస్తే కళ్లు కనిపించవు. ఆ మాట ఖాయమైతే ఊరి నావలన్నీ పొయ్యిలోకే. సంగతి తేల్చడానికి జిల్లా నుంచి ఒక అధికారిణి వచ్చారు.

కంపెనీ మేనేజరు గడుసువాడు. సముద్రం పాటుకు ఏటి నీళ్లు ఎప్పుడు వెనక్కి తీస్తాయో కనుక్కుని, సరిగ్గా ఆ మధ్యాహ్నానికే ఆమెను రప్పించాడు. పోటుకు ఆ నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో మాత్రం అడగలేదు. గట్టి ఇసక చూసుకుని, కారు తెచ్చి ఏటి నడిమధ్యన ఆపాడు.

“చూడండి మేడమ్, కారు నడిచే చోట పడవేం నడుస్తుంది?” అన్నాడు.

అధికారిణి ఎండు నేలేనని రాసుకున్నారు. నన్ను పట్టుకున్న నూకరత్నం అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు?

“ఎండన పడి వచ్చారు, ఉత్త కడుపుతో ఎలా ఎల్తారమ్మా?” అంది నూకరత్నం. “మా రేవుకొచ్చినోళ్లు తినకుండా ఎల్తే గంగమ్మ తల్లికి కోపం వత్తాది. పీతల కూర దింపేసేను.”

అధికారిణి కూర్చున్నారు. మేనేజరుకూ తప్పలేదు. పీతను తినడం తొందరగా తెమిలే పని కాదు. కాలు విరవాలి, డొప్ప కొరకాలి, చప్పరించాలి. మొహమాటపడుతూనే అయిదు పీతలు లాగించాడు మేనేజరు. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అన్నట్టు, అతను డొప్పతో కుస్తీ పడుతుంటే నూకరత్నం చూపు నీటి మీదే ఉంది.

ఆరో పీత చేతిలో ఉండగా మేనేజరు కెవ్వుమన్నాడు. కారు చక్రాలు కనిపించడం లేదు. కారు వైపు పరుగెత్తి నడుం లోతు నీళ్లలో చిక్కుకుపోయాడు. నూకరత్నం అధికారిణిని కూడా ఎక్కించుకుని, నాతో నావ నెట్టుకుంటూ వెళ్లి అతన్ని పైకి లాగింది. కారు పక్కనే నన్ను నీళ్లలో నిలబెట్టింది.

“ఎంత లోతమ్మా?” అని అడిగారు అధికారిణి.

“నేను సెప్తే ఏం బాగుంటాదండీ? మీరే కొలుసుకోండి.”

ఆమె నా మీద తడిసిన మేర టేపు పెట్టి కొలిచారు. నాలుగడుగులు. పాత రాత కొట్టేసి, పడవలో కూర్చునే కొత్తది రాశారు.

పూడ్చడానికి వీల్లేదన్న ఆర్డరు నెల తిరక్కుండా వచ్చింది. రేవులో చదివి వినిపించగానే నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా గుండె బరువూ దిగిపోయింది.

మీకో సంగతి చెప్పలేదు. కంపెనీ వచ్చిన కొత్తలోనే నా కొస చీలింది. ఏరే మిగలకపోతే కొత్త గెడ దేనికని, తాడు చుట్టి నన్నే నడిపించిందామె. ఆర్డరు వచ్చిన మర్నాడే నా బదులు పచ్చి వెదురు గెడ కొని తెచ్చింది. పని పోయినందుకు ఇంత సంతోషించింది లోకంలో నేనొక్కదాన్నే కాబోలు.