నీళ్లు దుంకే కాడ

ఎల్లన్నకు అల్లుడున్నాడని ఊరందరికీ తెలుసు. ఎల్లన్న మాత్రం ఆ మాట ఎన్నడూ నోట పలకలేదు.

సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున వరి పండించే కుటుంబం వాళ్లది. ఒక్కతే కూతురు సింధూజ నర్సు చదివింది. ఇంద్రావతి అవతల భోపాలపట్నంలో ఉద్యోగం వచ్చాక అజయ్‌కుమార్‌ను పెళ్లి చేసుకుంది. అజయ్ రోడ్ల కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. అతని తండ్రి ఆదయ్య ఒకప్పుడు ఎల్లన్న ఇంట్లోనే పాలేరుగా జీతం ఉన్నాడు. పెళ్లి సంగతి తెలిసిన రోజు నుంచి ఎల్లన్న కూతురింటి గడప తొక్కలేదు, కూతురిని తన గడప తొక్కనివ్వలేదు.

ఈసారి వానలు తగ్గాక సింధూజ తన తల్లి కిష్టమ్మ ఫోనుకు ఒక వీడియో పంపింది. ఇంద్రావతి అవతలి అడవుల్లో, నేషనల్ పార్కు లోపలెక్కడో, కొండ మీది నుంచి దూకుతున్న నీళ్లు. కిష్టమ్మ దాన్ని పొయ్యి ముందు కూర్చుని చూసింది, బర్రె పాలు పిండి వచ్చి మళ్లీ చూసింది. ఆమె చూసిన దూరాలు రెండే: ప్రాణహితకు అవతల కాళేశ్వరం, ఇవతల అహేరి దవాఖాన. ఒక పొద్దున పోయి చూసొస్తానంది. ఎల్లన్న వద్దన్నాడు. ఆమె వాదించకుండా సంచి సర్దుకుంది. ఒక్కతే వాళ్లతో తిరిగితే ఊళ్లో తలెత్తుకోలేనని అతనూ బయల్దేరాడు. కూతురింట్లో మంచినీళ్లు కూడా ముట్టనని ముందే చెప్పాడు. అందుకని ఇద్దరూ పాతగూడెం వంతెన దగ్గర బస్సు దిగారు. కూతురూ అల్లుడూ కారు తెచ్చి అక్కడే ఎక్కించుకున్నారు.

ఎక్కేముందు ఎల్లన్న భుజం మీది తువ్వాల తీసి సీటు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. అజయ్ అద్దంలో చూశాడు. అతను గేరు మార్చిన తీరుకు కారు ఎగిరిపడింది.

దారంతా ఎల్లన్న కూతురితోనే మాట్లాడాడు. ఆయనను నెమ్మదిగా నడపమను, ఆయనను జర ఆపమను అని. అజయ్ కూడా సింధూజకే జవాబు చెప్పాడు. మీ బాపుకు తొందర లేకపోతే ఎనక బస్సులొస్తయని చెప్పు అన్నాడు. సింధూజ ఇద్దరి మాటలూ మోయలేక కాసేపటికి పాటలు పెట్టింది. ఎల్లన్న ఆపమన్నాడు. కిష్టమ్మ మాత్రం కిటికీలోంచి మొహం తిప్పలేదు. టేకు చెట్లు పోయి వెదురు వచ్చింది, వెదురు పోయి కొండలు వచ్చాయి.

పార్కు గేటు దగ్గర కాపలా మనిషి సంచులన్నీ విప్పించాడు. ప్లాస్టిక్ సీసాలు లాక్కున్నాడు. మీరంతా ఎవరికి ఎవరని హిందీలో అడిగాడు. మా అత్తామామలని అజయ్ చెప్పాడు. ఎల్లన్న ముందుకొచ్చి, వచ్చీరాని హిందీలో, ఇతనికి నేనేమీ కానన్నాడు.

కాపలా మనిషికి అనుమానం పట్టుకుంది. అందరి ఆధార్ కార్డులు అడిగాడు, కారు డిక్కీ తెరిపించాడు, సింధూజను పక్కకు పిలిచి నీ ఇష్టంతోనే వచ్చావా అని అడిగాడు. ఆమెకు ఏడుపొచ్చింది. నా పెనిమిటని చెప్పి, పెళ్లి ఫోటో ఫోనులో చూపించింది. ఎండ నెత్తికెక్కేదాకా నిలబెట్టి గాని గేటు తీయలేదు.

కారు ఆగిన చోటు నుంచి నాచు పట్టిన రాళ్ల మీదుగా దిగాలి. నీళ్లు కనపడకముందే హోరు వినపడింది. చివరి మలుపు తిరిగేసరికి నల్లటి కొండ మీది నుంచి తెల్లగా, మోపులు మోపులుగా నీళ్లు దుంకుతున్నాయి. తుంపర వాళ్లు నిలబడ్డ గట్టు దాకా వచ్చి మొహాన కొడుతోంది. కిష్టమ్మ చెప్పులు విడిచి, కూతురి చెయ్యి పట్టుకుని నీళ్ల అంచు దాకా పోయింది. కొంగు తడిసింది, జుట్టు తడిసింది. ఆమె నవ్వుతోంది. ఆమె అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో ఎల్లన్నకు గుర్తు రాలేదు. అది చూస్తే అతనికి ఒళ్లు మండింది.

తిండి వేళకు అతను ఇంటి సద్ది విప్పుకుని, అటు తిరిగి, ఒక రాతి మీద కూర్చున్నాడు. తిరిగి చూసేసరికి కిష్టమ్మ కూతురు తెచ్చిన డబ్బాలోంచి జొన్నరొట్టె, కోడికూర తింటోంది. అజయ్ ఆమెకు ఇంకో ముక్క వేస్తున్నాడు.

హోరులో వినపడాలని ఎల్లన్న గట్టిగానే అన్నాడు. "మనింట్ల జీతమున్నోని కొడుకు చేతి కూడు తింటున్నవా? తిన్నంక ఇగ నా ఇంటికి రాకు."

అటు పక్కన ఫోటోలు దిగుతున్నవాళ్లు తిరిగి చూశారు. సింధూజ బాపూ అంది. అజయ్ గరిటె డబ్బాలో పెట్టి లేచాడు.

"మా బాపు మీ పెరట్ల, బర్రెల పక్కన కూసొని తిన్నడు. నా చిన్నప్పుడు నేను గూడ తిన్న. ఇయ్యాల మీరు నా కారుల తువ్వాల పరుసుకుంటే కూడ అత్తమ్మ మొహం చూసి ఊకున్న. ఇగ ఊకోను. మీరు నా కారెక్కొద్దు."

ఎల్లన్న చెయ్యెత్తాడు. అజయ్ కదల్లేదు. ఎత్తిన చెయ్యి ఎవరి మీదా పడలేదు.

కిష్టమ్మ చేతిలోని రొట్టె పూర్తిగా తింది. పారే నీళ్లలో చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని భర్త ముందుకొచ్చింది.

"రాకు అన్నవు గద. మంచిది, రాను. బర్రెకు పొద్దుమాపు కుడితి పెట్టు, పడ్డ దూడను విడిసిపెట్టకు."

ఆమె ఎగతాళి చేస్తోందనుకున్నాడతను. కోపంగా పైకెక్కి, గేటు దాటి, రోడ్డున పడ్డాడు. వెనక నుంచి కారు వచ్చి పక్కన నెమ్మదించింది. అజయ్ ఇటు చూడలేదు. సింధూజ కిటికీ దించి ఎక్కమని బతిమాలింది. అతను ఎక్కలేదు. కొంత దూరం అట్లా పోయాక కిష్టమ్మ ఏదో చెప్పింది, కారు ముందుకు సాగిపోయింది. సంతకు పోయొచ్చే జీపులో వంతెన దాకా, అక్కడి నుంచి ఇంటి దాకా అతనెట్లా చేరాడో ఎవరికీ చెప్పలేదు.

కోతలు మొదలయ్యాక ఎల్లన్న సింధూజకు ఫోను చేశాడు. ఆమె తల్లికిచ్చింది. వరి పండింది, మనుషులు దొరకట్లేదన్నాడు. జింగనూర్ కూలీలను పిలిపించుకొమ్మని కిష్టమ్మ చెప్పింది. ఎప్పుడొస్తావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

వడ్లు ఇల్లు చేరిన తర్వాత ఒక మధ్యాహ్నం భోపాలపట్నం బస్టాండులో దిగి, ఫోను చేసి కిష్టమ్మను అక్కడికి రమ్మన్నాడు. ఆమె నడిచి వెళ్లింది. ఇద్దరూ బల్ల మీద కూర్చుని చాయ్ తాగారు. అతని గడ్డం పెరిగింది, చొక్కా గుండీ ఊడి ఉంది. ఇక పోదాం పద అన్నాడు.

"ఇల్లు గీ సందు ఎనకనే. వచ్చి కాళ్లు కడుక్కొని, అజయ్ పక్కన కూసొని తిను. తిన్నంక ఇద్దరం పోదాం."

ఎల్లన్న చాలాసేపు సందు వైపు చూశాడు. సిరొంచ బస్సు వచ్చి నిలబడింది. లేచి ఎక్కాడు.

బస్సు కదిలాక ఆమె ఇంటికి తిరిగొచ్చింది. ఏమన్నాడని కూతురు అడిగితే చిక్కిపోయాడంది. అజయ్ ఆ మాట విని లోపలికి పోయాడు. కిష్టమ్మ మొహం కడుక్కుని, బియ్యం చేటలో పోసుకుని, వాకిట్లో కూర్చుంది.