కేబుల్ కొసన మూతలు

బియ్యం కడిగిన చెయ్యి చున్నీకి తుడుచుకుని ఖుష్బూ ఫోన్ అందుకుంది. "అన్నా, ఎంత చేసినా సౌండ్ రావట్లే" అని దుకాణం వాట్సాప్‌కు మూడోసారి మెసేజ్. బేస్తవారిపేట కాటమరాజు నంబరు. కంప్యూటర్ పాటలు స్టీరియో రిసీవర్లో వినాలని నాలుగు రోజుల కిందట, వెలుగుతో సౌండ్ మోసే ఆప్టికల్ కేబుల్ కొనుక్కుపోయిన మనిషి. "కంప్యూటర్, రిసీవర్ రెండింటి వెనక వైపూ ఫొటో తీసి పెట్టన్నా" అని టైపు చేసింది. టైపు చేసింది ఖుష్బూ. అవతలి వాళ్ళకు మాత్రం జవాబిచ్చింది చాంద్ బాషా.

మార్కాపురంలో ఎవరింట్లో స్పీకర్ మూగబోయినా చాంద్ బాషా దగ్గరికి పొమ్మంటారు. చాంద్ బాషా ఖుష్బూ మొగుడు. మాటకారి. చాయ్ ఇప్పించి, నవ్వుతూ నవ్వుతూ వైరు అమ్మేయగలడు. ఆ వైరు ఎందులో గుచ్చాలో మాత్రం ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిన పెళ్ళాన్ని అడగాలి. మొదట్లో అడిగి చెప్పేవాడు. తర్వాత ఆ శ్రమ కూడా ఎందుకని దుకాణం వాట్సాప్‌ను ఇంట్లో ఫోనుకే పెట్టేశాడు. "వంట చేసుకుంటా రెండు ముక్కలు కొడితే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు. ఆ రెండు ముక్కలు రోజుకు ముప్ఫై మందికి. ఒకసారి, టైపు చేయలేక చేతులు నొప్పెడుతున్నాయి, ఫోన్లో నేనే మాట్లాడి చెప్తానంది. ఉలిక్కిపడ్డాడు. "ఆడమనిషి చెప్తాందంటే ఎవుడు నమ్ముతాడు? దుకాణం మూసుకోవాల్సిందే." పక్కనే వక్క కత్తిరిస్తున్న అత్త హలీమాబీ, "నిజమే బేటీ, గొంతు బయటికెందుకు?" అంది. అప్పటినుంచి రెండేళ్ళుగా ఆమె చాంద్ బాషాగానే అందరికీ జవాబులిస్తోంది. చెప్పినవాడిదే విద్య అని ఊరు నమ్మింది. ఒక్కోసారి ఖుష్బూకే అనుమానం వచ్చేది, ఇదంతా నిజంగా తనకే తెలుసా అని.

ఫొటోలు వచ్చాయి. చూడగానే నవ్వు ఆగలేదు. కేబుల్ కొసన ఉండే బుల్లి ప్లాస్టిక్ మూత అలాగే ఉంది. తియ్యకుండానే నాలుగు రోజులుగా కుస్తీ పడుతున్నాడన్నమాట. ఇదేమీ కొత్త కాదు. మూత మీదే ప్రతాపమంతా చూపించి, కేబుల్ చెడిపోయిందని కొట్లాటకొచ్చే మగమహారాజులు నెలకు నలుగురైనా ఉంటారు.

"రెండు కొసలకూ మూతలుంటాయి. గోరుతో పీకెయ్యన్నా. ఒక కొస కంప్యూటర్‌కు పెట్టు. రెండో కొసలో ఎర్రగా వెలుగు కనపడుతోందా?"

"కనపడతాంది!!"

"దాన్ని రిసీవర్లో ఆప్టికల్ అని రాసున్న చోట పెట్టు. ఒక పక్కకే పడుతుంది, బలవంతం చెయ్యకు. రిసీవర్ ముందు బటన్ కూడా ఆప్టికల్‌కు తిప్పు. కంప్యూటర్లో సౌండ్ సెట్టింగ్స్‌కు పోయి డిజిటల్ అవుట్‌పుట్ ఎంచుకో."

ఎసరు మరిగింది. బియ్యం పోసింది. ఐదు నిమిషాలకు ఈసారి వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కింది. వెనక పాట గట్టిగా మోగుతోంది, ముందు ఒక ఆడగొంతు.

"అన్నా, వచ్చింది! ఇల్లంతా మోగతాంది! నేను కాటమరాజును గాదన్నా, ఆయన ఇంటామెను, నాగజ్యోతిని. ఫోన్ మర్చి గొర్రెల సంతకు పోయినాడు. నాలుగు దినాల్నుంచి అది మోగక మా అందరి మీద ఎగురుతాండాడు. నేను చూస్తానంటే దగ్గరికే రానీలా. దుకాణమోళ్ళే రాసినారు చూడు, ఆడోళ్ళు ముట్టుకోగూడదని, అన్నాడు. ముట్టుకుంటినని ఆయనకు చెప్పొద్దన్నా, నీకు దండం పెడతా. ఈ మెసేజులన్నీ తీసేస్తా. మూతలు పారెయ్యలా, మళ్ళా పెట్టేస్తా. సాయంత్రం నువ్వే ఫోన్ చేసి మూతలు తియ్యమను. ఆయనే చేసినట్ల ఉంటాది."

ఇంతసేపూ అక్కడా ఆడమనిషే, ఇక్కడా ఆడమనిషే. ఇద్దరు మగవాళ్ళ పేర్ల వెనక దాక్కుని, అన్నా అంటే అన్నా అనుకున్నారు. అది ఒక దెబ్బ. దుకాణమోళ్ళే రాసినారు అన్న మాట ఇంకో దెబ్బ. ఏ దుకాణం? ఎవరు రాశారు? గబగబా మెసేజులు పైకి జరిపింది. కేబుల్ కొన్న ప్రతివాళ్ళకూ పంపే సూచనలు. పది వాక్యాలు. మూతలు తియ్యమని మొదటి వాక్యంలోనే ఉంది, కాటమరాజు అది చదవలేదు. చదివింది చివరిది. "గమనిక: పిల్లలు, ఆడవాళ్ళు ముట్టుకోకుండా చూసుకోగలరు."

గుర్తొచ్చింది. అన్నం తింటూ చాంద్ బాషా, "ఆడోళ్ళు కెలికి చెడగొడతారు, అది గూడా రాయి" అన్నాడు. ఒక చేత్తో అతనికి పులుసు వడ్డిస్తూ ఇంకో చేత్తో రాసింది. గమనిక అన్న మాట తనదే. చూసుకోగలరు అన్న మర్యాదా తనదే. తర్వాత ఎన్ని వందలసార్లు పంపిందో! ఒక్కసారి, ఒక్కసారైనా చదువుకోలేదు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది చేతులు వెనక్కి తీయించిందో.

"బేటీ, పొంగిపోతాంది చూడు!" హలీమాబీ అరిచింది. ఖుష్బూ పొయ్యి ఆపేసింది. అందరికీ పంపడానికి దాచుకున్న సూచనల్లో చివరి వాక్యం చెరిపేసింది. మైకు గుర్తు మీద వేలు పెట్టింది. నాలుగు సెకన్ల ఖాళీ మెసేజ్ అలాగే వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కింది. అత్తకు వినపడేంత గట్టిగానే మాట్లాడింది.

"ఆ మూతలు మళ్ళా పెట్టొద్దు నాగజ్యోతీ. పాట అట్లే మోగనీ. నేను చాంద్ బాషాను గాదు, ఖుష్బూను. ఇన్నాళ్ళూ అందరికీ చెప్తా వచ్చింది నేనే. ఆడోళ్ళు ముట్టుకోగూడదని రాసింది గూడా నేనే."