బీబీసారా అపా తీయని తలుపు

పండగ చేస్తే చేశారు గానీ, తనను వేదిక ఎక్కిస్తారని బీబీసారాకు ముందుగా చెప్పిన పాపాన పోయినవాడు లేడు. అల్మాటీలో ఆ ఆడపిల్లల హాస్టల్‌కు ఇరవై ఏళ్లుగా ఆవిడే వార్డెన్; పెద్దమ్మ అన్నట్టుగా అందరూ ఆవిడను 'అపా' అంటారు. హాలు నిండా కొత్త నీలి జెండాలు, బల్లల మీద పొగలు కక్కే బౌర్సాకు బూరెలు. దేశానికి మాస్కో నుంచి స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా ఏడాది, ఇదే తొలి పండగ. ఆరేళ్ల కింద ఇదే డిసెంబరులో, మాస్కో పెత్తనం మాకొద్దని పిల్లలు నగర కూడలికి వెళ్లి ఒళ్లు హూనమయ్యేలా దెబ్బలు తిన్నారు. సరిగ్గా ఆ రోజులకే పండగ వచ్చిపడింది.

"ఆనాడు తలుపుకు తాళం వేసి, ముప్పైమంది పిల్లల్ని పోలీసుల చేతిలో పడకుండా కాపాడిన తల్లి" అన్నాడు డైరెక్టర్ ఒరజ్‌బెక్ మైకులో. తాళం వేయమని హుకుం జారీ చేసింది ఈ పెద్దమనిషే. ఏం నాలుకో!

ముందు వరుసలో ఆర్దక్ కూర్చుని ఉంది. ఆ రోజు కూడలి నుంచి పరిగెత్తుకొచ్చి తలుపు బాదిన పిల్ల. బీబీసారా తీయలేదు. ఆ పిల్లను మెట్ల మీదే పట్టుకుపోయారు. చదువు పోయింది, జైలు మిగిలింది. ఇప్పుడు నిజం చెబితే బీబీసారా ఉద్యోగం పోతుంది, తలదాచుకుంటున్న హాస్టల్ గదీ పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల కళ్లెదుటే దేవతై కూర్చోవాలి. ఎటూ కదలడానికి లేదు.

"ఆనాడు జైలుకెళ్లిన మన ఆర్దక్ చేతనే అపాకు చపాన్ తొడిగిద్దాం" అన్నాడు డైరెక్టర్.

గౌరవంగా తొడిగే మఖమలు అంగీని ఎవరు కాదంటారు? బీబీసారా చేతులు చాచింది. ఆర్దక్ ఒక్కో చెయ్యీ దూర్చింది.

"ఆ రోజు తలుపు కింద సందులోంచి మీ బూట్లు కనబడ్డాయి అపా" అంది మెల్లగా. "నేను పిలిచినంతసేపూ అక్కడే ఉన్నారు."

బీబీసారాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మైకు అందుకుంది.

"నేనెవర్నీ కాపాడలేదు. ఈ అమ్మాయి తలుపు కొట్టింది. లోపల నిలబడి విన్నాను. భయమేసింది. తీయలేదు."

"పండగపూట ఏమిటిది? కూర్చో అపా" అని డైరెక్టర్ పళ్లు నూరాడు.

బీబీసారా నడుముకు వేలాడే హాస్టల్ తలుపు తాళంచెవి ఊడదీసి ఆర్దక్ చేతిలో పెట్టింది. "ఇదిక నా దగ్గరుండకూడదు తల్లీ. నువ్వే తీసుకో."

ఆర్దక్ దాన్ని ఆవిడ తొడుక్కున్న చపాన్ జేబులోనే వేసి, అంచులు దగ్గరికి లాగి సర్దింది.

"నాకెందుకు? మీరే ఉంచుకోండి. ఆ గదిలోనే ఉండండి. నాకు తీయని ఆ తలుపు రోజూ మీరే తీయాలి" అని వేదిక దిగి వెళ్లిపోయింది.