చెమట ఆగిపోయింది

"వెళ్ళి సంతకం పెట్టి రా. వాళ్ళు చెప్పేది నీ బుర్రకెక్కదులే" అని మా ఆయన నన్ను ప్రథమచికిత్స శిక్షణకి పంపాడు. పురుగుమందు కొట్టే ముఠాకి మేస్త్రీ ఆయన, వెళ్ళాల్సిందీ ఆయనే. నర్సమ్మ రెండు గంటలు చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు నేను. ఇంటికొచ్చాక ఏం చెప్పారని ఎవరూ అడగలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నారు.

ఇవాళ పదకొండింటికి తోటలో మా తోటికోడలు వీపు మీది ట్యాంకుతో సహా కూలబడింది. అందరూ మూగారు. "మందు పట్టింది, పాలు తాగించండి" అని ఒకరు. "పొద్దున్నే మొగుడితో పోట్లాడింది, ఇదంతా నాటకం" అని మా ఆయన. నేను వంగి దాని మెడ మీద చెయ్యేసి చూశాను. నాకు తెలుసు! మందు పట్టినవాళ్ళకి నోట్లో చొంగ, కళ్ళల్లో నీళ్ళు, ఒళ్ళంతా తడి. దీని నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్ళల్లో చెమ్మ లేదు, మెడ పెనంలా కాలుతోంది. పొద్దుట్నుంచీ ధారగా కారిన చెమట ఆగిపోయింది. "నేనెవర్నే?" అంటే "అమ్మా" అంటోంది.

"ఎండదెబ్బ! అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి! నీడలోకి లాగండి! నోట్లో ఏం పొయ్యకండి, పొలమారుతుంది!" ఆ గొంతు నాదేనా? ప్లాస్టిక్ కోటు, లోపలి మగచొక్కా గుంజేస్తుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నలుగురిలో ఆడదాని బట్టలు విప్పుతావేమే, సిగ్గులేదూ?"

"సిగ్గైతే మీరు అటు తిరగండి."

తిరిగాడు! పద్నాలుగేళ్ళ కాపురంలో నా మాట విన్నది అదే మొదటిసారి. బిందెలకొద్దీ మంచినీళ్ళు దాని మీద గుమ్మరించాం, అట్టముక్కలతో విసిరాం. చివరికి కళ్ళు తెరిచి "అక్కా" అంది. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అంబులెన్స్‌లో వచ్చినామె "ఎండదెబ్బని ఎవరు గుర్తుపట్టారు?" అంది. "మేమే" అన్నాడు మా ఆయన. ఆమె నా తడి చేతులు చూసి నవ్వింది. "పొద్దుట్నుంచీ నీళ్ళు తాగలేదా అమ్మా?" అని తోటికోడల్ని అడిగింది.

"తాగితే ఎక్కడికెళ్ళను? చుట్టూ మగాళ్ళే."

ఆడవాళ్ళందరం తలలు దించుకున్నాం. మేమూ అంతే. ఎన్నేళ్ళుగానో నోరు పుక్కిలించి ఊసేస్తున్నాం, అదేదో మా ఓర్పని గొప్పలు కూడా పోయాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంబులెన్స్ వెళ్ళగానే మా ఆయన "ఇంకా ఆరు సాళ్ళున్నాయి, పదండి పదండి" అన్నాడు. నేను సీసా ఎత్తి గటగటా ఖాళీ చేశాను. నన్ను చూసి మిగతా ఆడవాళ్ళూ ఎత్తారు. మూతి తుడుచుకున్నాను.

"ఇంకో అరగంటలో మాకందరికీ మరుగుదొడ్డి కావాలి, మేస్త్రీగారూ. అది లేనిదే ట్యాంకు ఎత్తం."