ముప్ఫై ఒక్క ప్లేటు గుమ్మడి

ఆ సంచిని నేను ఏడుసార్లు సర్దాను. ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు పెడితే మా ఆయన క్లారీ రెండు జతలు తీసేసేవాడు. అయోడిన్ సీసా పెడితే తీసి కిటికీలో పెట్టేవాడు. ఆయన పెరట్లోకి వెళ్ళగానే నేను మళ్ళీ అందులో దూర్చేదాన్ని.

"పశువుల్ని తోలుకుపోతున్నాను ఊనా, యుద్ధానికి కాదు," అన్నాడు చివరికి.

నాకు ఆ రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు. నా చిన్నప్పుడు మా నాన్న ఒక ఏప్రిల్ నెలలో అచ్చం ఇలాంటి సంచి భుజాన వేసుకుని గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి వెళ్ళాడు. తర్వాత ఆయన టోపీ ఒక్కటే పోస్టులో వచ్చింది. పైగా నేను చదవడం నేర్చుకున్నది వంటింటి గోడకి అంటించిన పాత పేపర్లు చూసి. వాటిలో నీళ్ళలో మునిగినవాళ్ళూ, గుర్రం తన్ని పోయినవాళ్ళే ఎక్కువ. క్లారీ తిరిగి రావాలి. ఆ ఏడు నాకు ఇంకో కోరిక లేదు.

అది 1966. వాన మొహం చూసి మూడేళ్ళయింది. మా వైపు ఏప్రిల్ అంటే ఆకురాలే కాలమే గాని రాలడానికి చెట్ల మీద ఏమీ లేదు. మిగిలిన అరవై ఆవుల్ని క్లారీ, ఆయన తమ్ముడు వాల్ కలిసి రోడ్ల పక్క గడ్డి మేపుకుంటూ ఉత్తరానికి తోలుకెళ్ళాలి. వానలు పడ్డాకే ఇంటికి రావడం.

మా ఇంట్లో పచ్చగా ఉన్నది ఒక్కటే, గుమ్మడి పాదు. స్నానం నీళ్ళు పోయేచోట దానంతటదే మొలిచింది. కంచె ఎక్కింది, దొడ్లోని మరుగుదొడ్డి కప్పు ఎక్కింది, అక్కడినుంచి తలుపుకి అడ్డంగా కాయలు దించింది. లోపలికి వెళ్ళాలంటే కాయని పక్కకి జరపాలి, బయటికి రావాలంటే ఇంకొకరు వచ్చి జరపాలి. వాల్ ఒకసారి కావాలనే రాలేదు. ఆ కాయల తోలుకి కత్తులు విరిగేవి. వాల్ కప్పు ఎక్కి సిమెంటు మెట్టు మీదకి విసిరితేనే పగిలేవి.

పొద్దున గుమ్మడి, మధ్యాహ్నం గుమ్మడి, రాత్రి గుమ్మడి. ఎవరికీ సయించేది కాదు. నాకు మాత్రం గుమ్మడి స్కోన్లు చేయడమంటే ప్రాణం. ఉడికించి చల్లార్చిన గుమ్మడి, ఉన్న కాస్త వెన్న, ఒక గుడ్డు, మైదా, చిటికెడు జాజికాయ పొడి. పిండిని పిసక్కూడదు, కత్తితో కలిపి వదిలేయాలి. ఆలోచిస్తూ చెయ్యి పెడితే గట్టిపడిపోతుంది. అందుకని ఆలోచన మానేయాల్సి వచ్చేది. ఆ చిన్న రొట్టెలు ఓవెన్‌లో పొంగి, జాజికాయ వాసన వంటింట్లోకి వచ్చేదాకా, ఓ పావుగంటపాటు, లోకంలో ఎవరూ చచ్చిపోయేవాళ్ళు కాదు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ రోజుకి నాలుగు వాయిలు చేశాను.

వెళ్ళేవాళ్ళ కోసం శనివారం ఊరి హాల్లో విందు పెట్టారు. తలుపు మీద ఎప్పుడూ రాసేదే రాశారు: ఆడవాళ్ళు తలా ఒక ప్లేటు తేవాలి. అంటే ప్లేటు నిండా ఇంట్లో చేసిన తిండి. ఇంట్లో గుమ్మడి తప్ప ఏమీ లేదని సిగ్గుపడుతూ, మిగతావాళ్ళు కేకులూ మాంసమూ తెస్తారులే అనుకుంటూ, నా ప్లేటు మీద గుడ్డ కప్పి తీసుకెళ్ళాను. అందరూ గుడ్డలు తీశారు. ముప్ఫై ఒక్క ప్లేట్లు. ముప్ఫై ఒక్క ప్లేట్ల నిండా గుమ్మడి స్కోన్లే. స్నానం నీళ్ళు అందరి ఇళ్ళలోనూ పోతాయి కదా.

అప్పుడు వచ్చింది ఫోటిని. కేఫ్ యజమాని గ్రీసు నుంచి పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న పిల్ల, వచ్చి మూడు నెలలు. తలుపు మీద రాసింది నిఘంటువు పెట్టుకుని చదువుకుందట. బంగారు అంచు ప్లేటు ఒకటి తళతళా తోమి తెచ్చి బల్ల చివర పెట్టింది. ఖాళీ ప్లేటు. పక్క ప్లేట్లు చూశాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ప్లేటుని కోటు కింద దాచుకోబోయింది.

వాల్ వెళ్ళి, వంగి, ఆ ప్లేటుని పరీక్షగా చూశాడు.

"ఇందులో గుమ్మడికాయ ఏమైనా పడిందా అమ్మా?"

"లేదు," అంది, ఏడుపు గొంతుతో.

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే నాకు రెండు వడ్డించు."

హాలంతా నవ్వింది. ఫోటినికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక చాలా హుందాగా, లేనిదాన్ని ఉన్నట్టే రెండు చేతులా తీసి వాల్ అరచేతిలో పెట్టింది. ఆ వెనక మగవాళ్ళంతా వరస కట్టారు. మా ఆయన రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. తర్వాత ఆమె కేఫ్‌కి పరిగెత్తి ఒక జాడీ ఆలివ్ కాయలు తెచ్చింది. ఒక్కరూ తినలేదు, అందరూ మెచ్చుకున్నారు.

ఆ సందడిలో నేను వాల్‌ని టీ కాచేచోటికి పక్కకి పిలిచాను.

"వాగులు దాటేటప్పుడు నువ్వు ముందు వెళ్ళు. మీ అన్నయ్యని వెనక ఉంచు. ఆయనకి ఈత రాదు."

"నాకొచ్చని ఎవరు చెప్పారు వదినా?"

"నవ్వులాట కాదు."

"వాగుల్లో చుక్క నీరు లేదు. దుమ్ములో మునుగుతాడనా నీ భయం?"

వాల్ నా మొహంలోకి చూశాడు. తన చేతిలో నేను చేసిన స్కోనే ఉంది. అడుగు మాడింది నాదొక్కటే, అందుకని అది తనకెప్పుడూ తెలిసిపోయేది.

"సరే. ప్రతి వాగూ నేనే ముందు. అన్నయ్యతో మాత్రం అనకు, రోషపడతాడు."

సోమవారం బయల్దేరారు. సంచిలో నేను రెండు డజన్ల స్కోన్లు పెట్టాను. క్లారీ ఒక డజను తీసేశాడు. తీసేసినవి వాల్ టోపీలో వేసుకున్నాడు. ఆ రాత్రి, నెల రోజుల్లో మొదటిసారి, నాకు కంటినిండా నిద్ర పట్టింది.

అక్టోబరులో వాన పడింది, వాళ్ళున్నచోట కాదు, చాలా ఎగువన. ఎండిన వాగులోకి, పైన ఆకాశం తేటగా ఉండగానే, నీళ్ళు వచ్చాయి. క్లారీ నవంబరులో పంతొమ్మిది ఆవులతో ఇంటికి వచ్చాడు. ఇంకో ఇరవై రెండేళ్ళు నా వంటకి వంకలు పెట్టాడు. వాల్‌ని నేనేం అడిగానో ఆయనకి చివరిదాకా చెప్పలేదు.

వాల్ ముందు వెళ్ళాడు. తిరిగి రాలేదు. 1966 అక్టోబరు ఇరవై మూడు, ఆదివారం.