బుడ్డమ్మ ఎవరిని తన్నింది

పాకలో గడ్డి లాగుతూ వామి అడుగున చెయ్యి పెడితే నా పాత నీలం చీర తగిలింది; విప్పి చూస్తే అందులోంచి పశువుల సూది, ఖాళీ మందు సీసాలు జారిపడ్డాయి.

ఆ మందు నాకు తెలుసు. పాలు బలవంతంగా దించడానికి చాటుగా అమ్ముతారు. ఆవు ఒళ్లు గుల్లవుతుందని పశువుల డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు.

బుడ్డమ్మ మా పుంగనూరు ఆవు, నా నడుమెత్తు కూడా ఉండదు. దూడ చచ్చిపోయాక ఎవరు పొదుగు పట్టినా పాలు పైకి ఎగబీల్చుకునేది. అప్పుడే మదనపల్లెలో తబస్సుమ్ మేడం దగ్గర ఆదివారం క్లాసుల్లో రేకీ, అంటే చేతులు ఆనించి నెమ్మదింపజేసే వైద్యం, నేర్చుకోవడం మొదలుపెట్టాను. అరచేతులు వెన్ను మీద ఆనించి, ఊపిరి నిదానం చేసుకుని, ఏమీ అడక్కుండా నిలబడాలి. అంతే. కానీ నా చేతులకు ఊరికే ఉండడం తెలీదు. పేడ తీయాలి, సంగటి కెలకాలి, అత్త కాళ్లు పిసకాలి. మొదటిసారి అరచేతులు వేడెక్కితే భయమేసింది. బుడ్డమ్మ మాత్రం తల తెచ్చి నా తుంటికి ఆనించింది. పాలు చేపింది.

మా ఆయన దేవేంద్ర ఎల్లప్ప టీ అంగట్లో ఆ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు, మా ఇంట్లో ఆవుకు ఆశీర్వాదాలు, మొగుడికి సల్లారిన సంగటి అని. ఊరికే నిలబడేదానికి కూడా క్లాసులంటమ్మా అని అత్త సుబ్బలక్ష్మమ్మ దీర్ఘం తీసింది.

పోయిన నెల బుడ్డమ్మ నన్ను తన్నింది. నేను పాకలోకి వస్తేనే దాని ఒళ్లు వణికింది. అప్పటి నుంచి కాళ్లకు తాడు కట్టి పితుకుతున్నాను. నా చెయ్యి మంచిది కాదంది అత్త. నీ చేతుల్లో కరెంటు పోయినట్టుండాది అన్నాడు ఆయన. నేను నమ్మాను. ఇప్పుడు నాకు మండుతున్నది అదే, నేను నమ్మడం. ఆ రోజుల్లోనే రామకుప్పం నుంచి నా స్నేహితురాలు రహీమా ఫోన్ చేసింది. ఏనుగులు చేను తొక్కిపోయినప్పటి నుంచి వాళ్ల ఆవు కొట్టంలో అడుగు పెట్టడం లేదట, ఒకసారి వచ్చి చేతులు పెట్టక్కా అని బతిమాలింది. రానన్నాను. సొంత ఆవే తన్నిన చేతులతో ఏ మొహం పెట్టుకుని పోను?

చేతిలో ఉన్న ఆ చీర కొంగుకు బీడీ కాలిన చిల్లు ఉంది. ఇంట్లో బీడీ తాగేది ఒక్కరే. ఆదివారాలు నేను క్లాసుకు పోతే పాలు పితికేదీ ఆయనే. బాగానే ఇచ్చిందిలే, నీ రేకీ లేకపోతే ఏం, అనేవాడు.

చీర, సూది తెచ్చి ఆయన తింటున్న పళ్లెం పక్కన పెట్టాను. అత్త చూసి లోపలికి పోయింది. ఆయన వింటుండగానే రహీమాకు ఫోన్ చేశాను. రేపు పొద్దున పాలు పితికి కుప్పం బస్సెక్కి మీ ఊరికి వస్తున్నానని చెప్పాను.

"నువ్వు ఆడికి పోతే ఈడ సాయంత్రం పాలెవురు పితుకుతారు?" అన్నాడు.

"నా చీర నీకు దేనికి కావాల్సొచ్చిందో ముందు చెప్పు."

పళ్లెం పక్కకు జరిపాడు.

"నా చేతికి అది చేపలేదు పద్మావతీ. ఎంతసేపు కూసున్నా చుక్క ఇయ్యలే. ఈ మాట టీ అంగట్లో యాడ చెప్పుకునేది, నా పెండ్లాం చేతులకే ఇస్తాదని? నీ వాసనకన్నా ఇస్తాదని, తలుపేసుకుని నీ చీర కట్టుకున్నా. అది వాసన సూసి వచ్చి నా తుంటికి తల ఆనించింది. చేతులు పెట్టినాక తెలిసిపోయింది దానికి, నువ్వు కాదని. పాలు ఎగబీల్చుకునింది. అప్పుడు పొడిసినా. ఆదివారం ఆదివారం నీ చీరలోనే పొడిసినా. అది తన్నింది నిన్ను కాదు. నన్ను."