కడిగిన డబ్బా

"ఏమోయ్, నా తువ్వాలెక్కడ?"

స్నానాలగది తలుపు సందులోంచి భర్త తడిచెయ్యి ఒకటి బయటికొచ్చి గాలిలో ఆడుతోంది. తువ్వాలు ఆ తలుపు వెనక మేకుకే ఉంది. ఈ ఇంట్లో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ దాని చోటు అదే. ఆ ఇంటి పెద్దకోడలు పెద్దమ్మాయి పొయ్యి తగ్గించి, వెళ్ళి, "మీ వెనకాలే" అని చెప్పి వచ్చింది. వచ్చేసరికి కూతురికి రెండో సాక్సు కనబడటం లేదు, అత్తగారికి మందుసీసా కనబడటం లేదు. ఆ ఇంట్లో అందరికీ కళ్ళున్నాయి, చూడాల్సింది మాత్రం పెద్దమ్మాయే. తను పనిచేసే క్లినిక్కుకు వెళ్తే అక్కడా అదే వరస. పళ్ళడాక్టరు నోరు తెరిచిన పేషెంటును అలాగే వదిలేసి ముందుగదిలోకొచ్చి, తన పెన్ను చూశావా అంటాడు. పెన్ను ఆయన జేబులోనే ఉంటుంది. ఆమె వేలు పెట్టి చూపిస్తుంది. ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతాడు. తన జేబులో తన పెన్ను ఉన్నందుకు ఇంకొకరికి థాంక్స్ చెప్పడమేమిటని కాబోలు.

ఇంత చేసినా, ఆ కుటుంబంలో వెతకడంలో మొనగత్తె ఎవరని అడిగితే అందరూ చిన్నమ్మాయినే చూపిస్తారు.

చిన్నమ్మాయి ఆమె తోడికోడలు. పక్క వీధిలోనే కాపురం. అత్తగారి నోట ఆ ఇద్దరూ పెద్దమ్మాయి, చిన్నమ్మాయి. చిన్నమ్మాయికి ఆఫీసులో ఎవరో జియోకేషింగ్ అనే ఆట అంటించారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఊళ్ళో ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్లో పెడతారు. ఫోన్లోని బాణం పట్టుకుని వెళ్ళి, నలుగురి కంటా పడకుండా ఆ డబ్బా వెతికి, లోపలున్న చీటీ మీద సంతకం చేసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేసి రావాలి. అంతే. డబ్బాలో ఏముంటుందని అత్తగారు మొదట్లో ఆశగా అడిగింది. ఒక గోళీకాయ, ఒక గుండీ, ఒక విరిగిన బొమ్మకారు అని చెబితే నవ్వేసింది. ఇంట్లో దానికి డబ్బాలాట అని పేరు పడింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే చిన్నమ్మాయి తన కవల పిల్లల్ని తెచ్చి పెద్దమ్మాయి దగ్గర దింపి, బూట్ల లేసులు బిగించుకుని డబ్బాల వేటకు వెళ్ళిపోతుంది. మరిది వారమంతా కష్టపడతాడు గనక ఆదివారం నిద్రపోతాడు. నాన్న ఇంట్లో ఉండగా పిల్లలు పెద్దమ్మ దగ్గరెందుకని ఎవరూ అడగలేదు, పెద్దమ్మాయి కూడా. మధ్యాహ్నం భోజనాలవేళకు మరిది కడిగిన మొహంతోనూ, చిన్నమ్మాయి ఎండకు కందిన ముక్కుతోనూ వస్తారు. మట్టి బూట్లు గుమ్మంలో విడుస్తూనే ఆ పూట కథ మొదలుపెడుతుంది. ఏ గోడ సందులో ఉందో, ఎలా చెయ్యి పెట్టిందో, ఎలా దొరికిందో. అందరూ నోరెళ్ళబెట్టి వింటారు. "పాపం ఎండలో తిరిగొచ్చింది, వేడివేడిగా పెట్టు" అంటుంది అత్తగారు. పెద్దమ్మాయి పెడుతుంది. "చూడు ఎంత చురుకో! నీకా, రోడ్డు దాటాలంటే నా మోచెయ్యి కావాలి" అంటాడు భర్త, ఏదో ముద్దుమాట అన్నట్టు.

చిన్నమ్మాయి ఆవురావురుమంటూ తింటుంది. అదే పెద్దమ్మాయి చూడలేకపోయేది. బూట్లు చూసి కుళ్ళుకుంది, కందిన ముక్కు చూసి కుళ్ళుకుంది, సరే. కానీ ఒక మనిషి ఆకలిని చూసి కూడా ఇంత కడుపుమంట ఉంటుందా? పొద్దుట్నుంచి పొయ్యి దగ్గర ఆ వాసనలే పీల్చి, పిల్లలు వదిలేసిన ముక్కలు నోట్లో వేసుకుని, తను కూర్చునే వేళకు పెద్దమ్మాయికి ఎప్పుడూ ఆకలి చచ్చిపోయి ఉంటుంది. కూర్చుని అంత ఆకలిగా తిని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తే లేదు. ఇది అసూయే. ఇంకో మంచి పేరు పెట్టి దాన్ని గౌరవించాల్సిన పనేం లేదని ఆమెకూ తెలుసు.

ఒక ఆదివారం వడ్డిస్తూ వడ్డిస్తూ, "ఈసారి నేనూ వస్తా" అంది. నోరు జారినట్టే వచ్చింది మాట. భర్త పకపకా నవ్వాడు. "నువ్వెళ్తే పిల్లల్నెవరు చూస్తారు?" అన్నాడు. నీకెందుకే ఆ ఎండ అంది అత్తగారు. చిన్నమ్మాయి మాత్రం పళ్ళెంలోకి చూస్తూ ముద్ద కలుపుతూనే ఉంది. పెద్దమ్మాయికి భర్త నవ్వు కంటే ఆ కలపడమే ఎక్కువ కాలింది.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్కు వెనక మెట్ల మీద కూర్చుని టిఫిన్ తింటూ ఫోన్లో ఆ ఆట ఎక్కించుకుంది. పేరు పెట్టమంది ఫోను. ఏం పెట్టాలో తోచక, కూర్చున్న చోటు చూసుకుని మూడోమెట్టు అని కొట్టింది. నియమాలు ఇంటికొచ్చి పాలు కాచుకుంటూ చదివింది. సగంలో పాలు పొంగాయి. మిగతా సగం చదవడం మరిచిపోయింది.

మొదటి డబ్బా బ్యాంకు పక్క సందులో. బాణం ముందుకు తీసుకెళ్ళి, అక్కడ నిలబెట్టి, గిర్రున తిరిగి వెనక్కి పొమ్మంది. వెనక్కి పోతే మళ్ళీ ముందుకు రమ్మంది. చివరికి నడిరోడ్డు చూపించి ఇక్కడే అంది. బస్సువాడు హారను కొట్టి, తిట్టి పోయాడు. మధ్యాహ్నం విరామం అయిపోయింది. పరుగెత్తుకుంటూ క్లినిక్కుకు వస్తే డాక్టరు గుమ్మంలోనే ఉన్నాడు, పెన్ను కోసం. ఇంత తేలికైన ఆటను చిన్నమ్మాయి అంత గొప్పగా చెబుతుందేమిటి అనుకునేది. ఇప్పుడు, ఇంత కష్టమైనది దానికెలా దొరుకుతోంది అని ఏడుపొచ్చింది.

రెండోది పార్కులో. కూరగాయలకని సంచి పట్టుకుని వెళ్ళింది. బెంచీ కింద అని సూచన ఉంది. పార్కులో ఉన్నవన్నీ బెంచీలే. మూడో బెంచీ కింద చెయ్యి పెట్టగానే చీమలు మోచేతిదాకా ఎక్కాయి. దులుపుకుంటుంటే కాపలాదారు వచ్చి నిలబడ్డాడు. "ఏం పోయిందమ్మా?" అన్నాడు. ఏదీ పోకుండా ఒక ఆడమనిషి ఒంటరిగా నేలకేసి చూస్తుందని అతనికి తోచలేదు. ఆటని చెబితే తనకే నమ్మబుద్ధి కాదని, చెవికమ్మ పోయిందనేసింది.

అయ్యో అన్నాడతను. అంతే, ఈల వేసి తోటమాలిని పిలిచాడు. నడకకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. బంగారందా అని అడిగి, అవునని ఈమె అనకముందే వంగి గడ్డి పాయలు తీయడం మొదలుపెట్టారు. కర్ర ఊతంతో నడిచే ఒక ముసలాయన కర్రతో ఆకులు కెలుకుతున్నాడు. పెద్దమ్మాయికి నెత్తురు మొహంలోకి చిమ్మింది, రెండు కమ్మలూ రెండు చెవులకూ ఉన్నాయి మరి. జుట్టు సర్దుకుంటున్నట్టు నటించి ఒకటి ఊడదీసి, ముసలాయన కర్ర వెళ్ళబోయే దారిలో జారవిడిచింది. కాసేపటికి ఆయన కర్ర ఆగింది. "దొరికిందోయ్!" అని కేక పెట్టాడు. కాపలాదారు చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళు, అదృష్టవంతురాలివమ్మా, ఇంట్లో తిట్లు తప్పాయి అన్నారు. ఆయన కమ్మను చొక్కా అంచుతో తుడిచి, మొహమంతా వెలిగిపోతూ ఆమె అరచేతిలో పెట్టాడు. పెద్దమ్మాయికి ఆ ముసలాయన మీద కూడా అసూయ వేసింది. ఆయనకు దొరికింది మరి.

మూడోసారి దొరికింది. పాదచారుల వంతెన మెట్ల కింద, గోడకు వదులైన ఇటుక ఒకటి. అది లాగితే లోపల డబ్బా. తన చెయ్యే లాగింది, ఎవరూ ఎక్కడుందని అడగలేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. ఒంటరిగా మెట్ల కింద నిలబడి నవ్వింది. తన కోసం తాను ఒక వస్తువు వెతుక్కోవడం ఎప్పుడైనా జరిగిందా అని ఆలోచిస్తే ఏదీ తట్టలేదు.

మూత తీసింది. కంపు. పైమెట్ల నుంచి నీళ్ళు కారి చీటీ ముద్దయింది. గోళీలకు పాకుడు, మూలల్లో చీమగుడ్లు. చూస్తూ చూస్తూ దాన్ని అలాగే పెట్టి రావడానికి ఆమెకు చేతులు రాలేదు. ఇదిగో, ఇక్కడే మునిగింది మన పెద్దమ్మాయి. చిన్నమ్మాయైతే ముక్కు మూసుకుని సంతకం గీకి పోయుండేది. ఈమె డబ్బాను కూరగాయల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, అంట్లతో పాటు తోమింది. గోళీలను, గుండీలను పిండిజల్లెడలో వేసి కడిగింది. బొమ్మకారు చక్రానికి నూనె చుక్క వేసింది. చీటీని గుడ్డ కింద పెట్టి ఇస్త్రీ చేసి, అడుగున మూడోమెట్టు అని సంతకం చేసి, ఫోన్లోనూ దొరికిందని నొక్కి, చీటీని తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టింది. ఇంట్లో ఎవరూ అదేమిటని అడగలేదు. ఆమె తోమే వాటిలో ఏది ఎవరిదో ఎవరు చూశారు గనక. సోమవారం పనికెళ్తూ తిరిగి పెట్టబోయి, నీళ్ళు కారే చోట ఏ తెలివితక్కువవాడు పెట్టాడని తిట్టుకుంది. అవే మెట్ల కింద, పొడిగా ఉన్న పైమూలలో, గొట్టం వెనక చక్కగా సర్దింది. ఉన్నచోటే పెట్టాలంటే ఆ మెట్ల కిందే కదా అనుకుంది. మహా తృప్తిగా క్లినిక్కుకు వెళ్ళింది.

ఆ ఆదివారం చిన్నమ్మాయి వందో డబ్బాకు వెళ్ళింది. మరిది ముందే కేకు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టాడు. భోజనాలవేళకు గుమ్మంలో బూట్లు విసురుగా పడ్డ చప్పుడైంది.

దొరకలేదట. వంతెన మెట్ల కింద ఇటుక ఉంది, ఇటుక వెనక బొరియ ఉంది, డబ్బా లేదు. రెండు గంటలు వెతికిందట. ఫోన్లో రాస్తే ఆ డబ్బా పెట్టినాయన స్వయంగా వచ్చాడట. ఆయనా చెయ్యి పెట్టి చూసి, నెత్తి కొట్టుకుని పోయాడట. అందరూ అయ్యో అన్నారు. పెద్దమ్మాయి గరిటె పట్టుకుని నిలబడి, దొరకలేదు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. లోపల ఏదో కమ్మగా, తియ్యగా పాకింది. దానికీ దొరకలేదు! తర్వాతగానీ వంతెన, ఇటుక అన్న మాటలు బుర్రకెక్కలేదు. ఎక్కగానే, ఏదో పాడుపని చేసి పట్టుబడ్డ దానిలా కూరగిన్నె వంక తల దించుకుంది. ఆ వెంటనే ఇంకోటి తోచింది. డబ్బా పెట్టినవాడికే దొరకకుండా దాచింది తను.

"ఏ చీపురు మనిషో అయ్యుంటుంది" అన్నాడు భర్త, కూర వంక చెయ్యి చాస్తూ. "తుడవడం, సర్దడం తప్ప వాళ్ళకేం తెలుసు? ఎందుకుందో కూడా తెలీకుండా తీసి పారేసుంటుంది."

"పారెయ్యలేదు" అంది పెద్దమ్మాయి. "కడిగి పెట్టాను."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్తగారి చెయ్యి నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగింది. చిన్నమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్లో ఆ మూడోమెట్టు నువ్వా అక్కా అంది మెల్లగా. భర్త మాత్రం, "నీకెప్పుడు తీరింది?" అన్నాడు.

పదమూడేళ్ళ కాపురంలో వండటానికెప్పుడు తీరింది, ఉతకడానికెప్పుడు తీరింది, కవలల ముక్కులు తుడవడానికెప్పుడు తీరింది అని ఒక్కసారీ అడగని మనిషి. ఆమె ఆయన వంక చూడలేదు. చిన్నమ్మాయి లేచి దగ్గరికొచ్చింది.

"ఎక్కడ పెట్టావక్కా? చెప్పు, ఇప్పుడే వెళ్ళొస్తా."

చెప్పడం పెద్దమ్మాయికి నాలుక చివర ఉన్న పని. గొట్టం వెనక అనే రెండు మాటలు పెదాల దాకా వచ్చేశాయి. మింగేసింది.

"ఆ మెట్ల కిందే ఉంది. అంతకన్నా చెప్పను, వెతుక్కో" అంది. "కానీ వచ్చే ఆదివారం పిల్లల్ని ఇక్కడ దింపకు. వాళ్ళ నాన్న చూసుకుంటాడు. నేను ఇంట్లో ఉండను. పొద్దున్నే నా డబ్బాలకు నేను వెళ్తున్నాను."

మరిది తలెత్తాడు. అత్తగారు ఏదో అనబోయి కొడుకు వంక చూసింది. చిన్నమ్మాయి మొహంలోకి కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గు వచ్చింది, ఆ రెండూ ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. పెద్దమ్మాయి గరిటెను తోడికోడలి చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

భర్త విసురుగా లేచి చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. కొళాయి ఆగిన చప్పుడయింది.

"నా తువ్వాలెక్కడ?"

"మీరూ వెతుక్కోండి" అంది పెద్దమ్మాయి.

లోపల అలమార తలుపులు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి. ఆమె పళ్ళెం ముందుకు లాక్కుంది. ఆకలి దంచేస్తోంది.